నటరాజ విగ్రహం కదలదు

నా చేతులు వణుకుతున్నాయని ఒప్పుకోవడం కంటే రెండు లక్షల పైచిలుకు పోసి లెన్సు కొనడం నాకు సులువనిపించింది. ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ, పోయిన ఏడాది ఈ లెన్సు గోలతో ఇంట్లో ఎవరినీ ప్రశాంతంగా ఉండనివ్వలేదు. ఎవరినీ అంటే, ఇంట్లో ఉండేది మా ఆయనొక్కరే. అమ్మాయి కాలేజీ చదువుకని వేరే ఊరు వెళ్లింది.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో ఇరవై నాలుగేళ్లుగా ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడమే నా పని. అది ఒంటికి పట్టిపోయింది. పెళ్లికి వెళ్తే పత్రికలో అచ్చుతప్పులు, హోటల్‌కి వెళ్తే బిల్లులో పొరపాట్లు వెతుకుతానని మా ఆయన ఏడిపిస్తుంటారు. నిజమే, వెతుకుతాను. దొరుకుతాయి కూడా.

తప్పులు వెతకని చోటు నాకు ఒకటే ఉంది. శని ఆదివారాల్లో కూచిపూడి ప్రదర్శనలకు ఫోటోలు తీస్తాను. ఇది మా అమ్మాయి పుణ్యమే. దానికి ఏడేళ్లప్పుడు కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్‌కి రెండు వీధుల అవతల ఒక టీచరమ్మ దగ్గర నాట్యంలో చేర్పించాను. ఏడాది తిరక్కుండానే కాళ్లు నొప్పులని అది మానేసింది. నేను మానలేదు. నాకు ఒక్క అడుగు వెయ్యడం రాదు, వెయ్యాలన్న ఆశా లేదు. కానీ ఆ ఏడాది వార్షికోత్సవంలో నేను తీసిన ఫోటోలు చూసి టీచరమ్మ, మీ అమ్మాయి రాకపోయినా మీరు మాత్రం రావాలండీ అన్నారు. పన్నెండేళ్లయింది, వెళ్తూనే ఉన్నాను. ఆవిడ చెప్పగా విని ఇంకో నలుగురైదుగురు టీచర్లు కూడా పిలవడం మొదలుపెట్టారు. డబ్బు తీసుకోను. ముందు వరుసలో ఒక కుర్చీ, విరామంలో ఒక కప్పు కాఫీ ఇస్తే చాలు.

నాట్యం ఫోటో కంటితో తీసేది కాదు, చెవితో తీసేది. వేదిక పక్కన గురువు కూర్చుని తాళాలు వాయిస్తూ, తకధిమి అంటూ జతులు చెబుతారు. దాన్ని నట్టువాంగం అంటారు. జతి ముగిసే చోట ముక్తాయింపు వస్తుంది, తదిగిణతొం అని మూడుసార్లు. మూడో తొం మీద నర్తకి ఒక భంగిమలో ఆగుతుంది. ఆగేది రెప్పపాటు. ఆగింది కదా అని అప్పుడు నొక్కితే, ఎత్తిన చెయ్యి ఫోటోలో సగం దిగిపోయి ఉంటుంది. తొం కంటే కాస్త ముందే నొక్కాలి. ఆ కాస్త ఎంతో నాకు ఎవరూ నేర్పలేదు. వినగా వినగా వేలికే తెలిసిపోయింది. మిగతా ఫోటోగ్రాఫర్లు గుప్పెడు ఫోటోలు వరసగా తీసి అందులో ఒకటి ఏరుకుంటారు. నేను ఒకటే తీస్తాను. అదీ చేత్తోనే. కెమెరా కింద ఒంటికాలి స్టాండు పెట్టుకునేవాళ్లను చూసి, కర్ర పట్టుకున్న తాతగార్లని వెక్కిరించేదాన్ని. నా పొగరు అంతా ఇంతా కాదు.

పోయిన ఏడాది ఫోటోలు చెదరడం మొదలైంది. మొదట నర్తకి కదిలిందనుకున్నాను. తర్వాత హాల్లో దీపాలు మసకగా ఉన్నాయనుకున్నాను. ఆ రెండు సాకులూ ఎక్కువ రోజులు నిలవలేదు. ఏ ప్రదర్శనలోనైనా వేదిక మూలన ఇత్తడి నటరాజ విగ్రహం పెడతారు. ఆయన నాట్యమాడుతున్న భంగిమలో ఉన్నా ఆయన కదలడు. నా ఫోటోల్లో మాత్రం ఆయనకు నాలుగు చేతుల బదులు ఏడెనిమిది కనిపించసాగాయి. కదలనిది చెదిరిందంటే కదిలింది కెమెరా. కెమెరా పట్టుకున్నది నేను. ఇది తెలుసుకోవడానికి ఇరవై నాలుగేళ్ల అనుభవం అక్కర్లేదు. అయినా నేను లెన్సును అనుమానించాను. అది పదేళ్ల పాతది, చవకది, నోరులేనిది.

సరిగ్గా అప్పుడే టీచరమ్మ ఫోన్ చేశారు. ఆవిడ శిష్యురాలి రంగప్రవేశం రెండున్నర నెలల్లో ఉంది, ఫోటోలు నేనే తియ్యాలి. రంగప్రవేశమంటే పదేళ్లకు పైగా నేర్చుకున్న పిల్ల మొదటిసారి ఒంటరిగా రెండు గంటలపాటు వేదిక మీద నిలబడటం. జన్మకొక్కసారి జరుగుతుంది. ఆ పిల్ల పొట్టి జడలతో బృందంలో చివరి వరసలో ఉన్నప్పటినుంచి నా ఫోటోల్లోనే పెరిగింది. తప్పకుండా వస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక భయమేసింది. ఆ సాయంత్రం పాడైతే దాన్ని మళ్లీ జరపలేరు. ఇక నన్నెవరూ పిలవరు. ఆఫీసులో నేను జనానికి ఇచ్చేవన్నీ తప్పుల జాబితాలే. నా చేత్తో చేసి ఒకరికి సంతోషంగా ఇచ్చేవి ఈ ఫోటోలొక్కటే. అవి పోతే నేను ఎవరికి ఏం ఇవ్వగలనో నాకు తోచలేదు.

మియాపూర్ మెట్రో స్టేషన్ దగ్గర కెమెరా సామాను కిరాయికిచ్చే దుకాణం ఒకటుంది. వృత్తిగా తీసేవాళ్లు వాడే పెద్ద జూమ్ లెన్సు శనివారం పొద్దున తెచ్చుకుని సోమవారం ఇచ్చేయడం మొదలుపెట్టాను. మోచేతి పొడుగున ఉంటుంది, కిలోన్నర బరువు. చీకటి హాల్లో కూడా వెలుతురు బాగా లాక్కుంటుంది. దుకాణంలో ఇచ్చిన కాగితం మీద దాని గుణగణాలు అచ్చేసి ఉన్నాయి. చెయ్యి కదిలినా లోపలి అద్దాలు సర్దుకుని ఫోటోను నిలబెడతాయని చివర్న ఒక వాక్యం ఉంది. మిగతావన్నీ మా ఆయనకు పైకి చదివి వినిపించాను. ఆ ఒక్కటి చదవలేదు.

దుకాణం ఆయన ఆ చుట్టుపక్కల ఊరివాడే. నగరం వాళ్ల పొలాల మీదికి రాకముందు నుంచీ అక్కడే ఉన్నారు. నాలుగోసారి వెళ్లినప్పుడు రసీదు రాస్తూ, “మేడం, గిట్ల ఎన్ని దినాలు కిరాయికి తీస్కపోతరు? మీరు మంచిగ తీస్తరు, నేను సూసిన. ఒక్కసారి కొనుక్కోండ్రి, ఇగ ఫికర్ ఉండదు,” అన్నారు. ఆ మాట నాకు తేనెలా అనిపించింది. ఫికర్ లేకుండా పోవడమే కదా నాక్కావలసింది.

మా ఆయన సివిల్ ఇంజనీరు. మాది కడప జిల్లా, ఇద్దరిదీ. ఇరవై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల లేచిన అపార్ట్‌మెంట్లలో కొన్నింటికి పునాది గీత గీసింది ఈయనే. మాట తక్కువ. లెన్సు సంగతి ఎత్తగానే, “ఉండేదానికి ఏమైంది? అంత లెక్క పెట్టి తెచ్చినాక దాన్ని బయటికి తీసేదానికే భయపడాల,” అన్నారు. మా వైపు లెక్క అంటే డబ్బే. నేను ఊరుకోలేదు. వారం వారం ఆ ప్రస్తావన తెచ్చాను, వారం వారం ఆయన వద్దన్నారు. నిజం చెప్పాలంటే ఆ వద్దు నాకు హాయిగానే ఉండేది. ఆయన వద్దంటున్నంతసేపు నా పోట్లాట ఆయనతో. నా చేతులతో కాదు.

చివరికి, నోటిమాటతో పని కాదు, ఆధారం చూపిస్తానని పంతం పట్టాను. ఒక ఆదివారం పొద్దున్నే ఆఫీసులో చేసినట్టే పద్ధతిగా పరీక్ష పెట్టాను. మా వంటింటి గోడకు పంచాంగం క్యాలెండరు వేలాడుతుంటుంది. ఏ తెలుగు ఇంట్లోనైనా ఉండేదే. ఒక్కో తేదీ గడిలో తిథి, నక్షత్రం, రాహుకాలం, వర్జ్యం అన్నీ చీమతలకాయంత అక్షరాల్లో ఇరికిస్తారు. పరీక్షకు అంతకంటే మంచి వస్తువు లేదు. హాల్లో అవతలి గోడకు ఆనుకుని నిలబడి, పాత లెన్సుతో నలభై, కిరాయి లెన్సుతో నలభై ఫోటోలు తీశాను. కిటికీ తెర వేసి, తీసి. కూర్చుని, నిలబడి. వర్జ్యం చదవగలిగితే పాస్, లేకపోతే ఫెయిల్. లెన్సు, వేగం, వెలుతురు, దూరం, భంగిమ, ఫలితం అని ల్యాప్‌టాప్‌లో గడులు గీసి ప్రతి ఫోటోకీ ఒక వరస నింపాను.

ఎవరు తీశారు అనే గడి పెట్టలేదు. ఇది టెస్టర్ తప్ప ఇంకొకరు చెయ్యలేని తప్పు. మా వృత్తిలో పరీక్షించే మనిషి పరీక్షకు బయట ఉంటారు. ప్రోగ్రాము తప్పు కావచ్చు, యంత్రం తప్పు కావచ్చు, నెట్‌వర్క్ తప్పు కావచ్చు. పరీక్షించేవారిని ఎవరూ అనుమానించరు. నా మెషీన్‌లో బాగానే నడుస్తోంది మేడమ్ అనే ప్రోగ్రామర్లను ఇన్నేళ్లూ నిలబెట్టి కడిగేశాను. నన్ను నేను మాత్రం ఆ గది బయటే కూర్చోబెట్టుకున్నాను.

పాత లెన్సుతో పదకొండు పాసయ్యాయి. కిరాయి లెన్సుతో ఇరవై ఎనిమిది. గెలిచానని ల్యాప్‌టాప్ తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, ఇంటి ప్లాను చూసినంత ఓపికగా ఒక్కో వరసా చూశారు.  తర్వాత రెండు వరసల మీద వేలు పెట్టారు.

“ఈ రెండూ ఒకే లెన్సు. ఒకే వేగం, ఒకే వెలుతురు. ఒకటి చదవనీకి వస్తాంది, ఇంకోటి రాల్యా. లెన్సు అదే కదా?”

అది నేను అడగవలసిన ప్రశ్న. కొత్తగా చేరిన టెస్టర్‌కి మొదటి రోజే నేర్పే ప్రశ్న. నాకు చిర్రెత్తుకొచ్చింది. మీరే తీసి చూడండి తెలుస్తుందని కెమెరా ఆయన చేతిలో పెట్టాను. కావాలనే పాత లెన్సు బిగించాను, కావాలనే కిటికీ తెర వేశాను. ఆయన పెళ్లిళ్లలో ఫోన్‌తో తీసినా తలలు నరికేసే మనిషి. ఇక నోరెత్తరనుకున్నాను.

ఆయన మోచేతులు పొట్టకు ఆనించుకుని, ఊపిరి బిగబట్టి, పది ఫోటోలు తీశారు. మేమిద్దరం ల్యాప్‌టాప్ తెర మీద పెద్దవి చేసి చూశాం. ఆయన పైకి చదవడం మొదలుపెట్టారు. అష్టమి మధ్యాహ్నం దాకా ఉంది, వర్జ్యం సాయంత్రం ఉంది. తర్వాతి ఫోటోలోనూ అదే. పదికి పది. నేను, వయసులో సర్వే పరికరాల ముందు నిలబడి అలవాటు కదా మీకు, అందుకే చెయ్యి నిలిచింది అన్నాను. ఆయన కెమెరాను బల్ల మధ్యలో, అంచుకు దూరంగా పెట్టారు.

“నేను చూస్తానే ఉండా. నీకు కాఫీ గ్లాసు నిండా పోసియ్యడం మానేసి ఆర్నెల్లు దాటింది,” అన్నారు.

మా ఇంట్లో పొద్దున కాఫీ ఆయనే కలుపుతారు. గ్లాసులో తగ్గిందని నేను గమనించలేదు. ఒలకడం మానేసిందని మాత్రం గమనించి, మంచి గ్లాసులు కొన్నామనుకున్నాను. ఎందుకు చెప్పలేదని అడిగాను. నువ్వు చెప్తావని చూసినా అన్నారు. నేను స్నానాల గదిలోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. బయటికి వచ్చేసరికి క్యాలెండరు పరీక్ష కోసం నేను కదిపిన మేకు మీద వంకరగా వేలాడుతుంటే ఆయన సరిచేస్తున్నారు.

ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆవిడ నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది. చేతులు ముందుకు చాపమంది, ముక్కును వేలితో తాకమంది, నీళ్ల గ్లాసు పట్టుకోమంది. తర్వాత ఒక తెల్లకాగితం ఇచ్చి, మధ్యలోంచి మొదలుపెట్టి చుట్లు చుట్లుగా గీత గియ్యమంది. గీశాను. మొదటిసారి జిలేబీ వేసినవాళ్ల జిలేబీలా వచ్చింది. ఆవిడ దాని మీద తేదీ వేసి నా పేరు రాసింది. చాలా పద్ధతిగల పరీక్ష అది. నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది, నా మీద జాలి కలిగింది.

ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా అని అడిగింది. మా మేనత్తకు ఉండేది. ఆవిడ పూజలో హారతి పళ్లెం పట్టుకుంటే కుంకుమభరిణ గలగలమనేది, మేం పిల్లలం మూలన చేరి నవ్వుకునేవాళ్లం. ఆ సంగతి చెప్పాను, నవ్వుకున్న సంగతి చెప్పలేదు. నేను భయపడుతున్న పెద్ద జబ్బు కాదని, ఇది వంశంలో వచ్చే వణుకని డాక్టరు చెప్పింది. మాత్రలతో కొంత తగ్గుతుంది, పోదు. నెమ్మదిగా పెరుగుతుంది. ఎంత నెమ్మదిగా అని అడిగాను. అది ఎవరూ చెప్పలేరంది.

తిరిగి వస్తుంటే కొత్తగూడ దగ్గర సిగ్నల్ పడింది. ఆఫీసులు వదిలే వేళ, బండ్లు నిండిపోయి రెండుసార్లు పచ్చలైటు వెలిగినా మా కారు కదల్లేదు. మా ఆయన స్టీరింగ్ మీద చెయ్యి పెట్టుకుని, ఎదరకే చూస్తూ, “ఆ లెన్సు కొనుక్కో,” అన్నారు.

ఆ రోజు డాక్టరు చెప్పిన దేనికీ నేను అంత భయపడలేదు. ఇన్ని వారాలూ వద్దన్న మనిషి కొనుక్కోమన్నారు. ఆయన వద్దన్నంతకాలం నేను బాగున్నట్టే లెక్క. డబ్బు దండగ అని నాతో ధైర్యంగా పోట్లాడారంటే నేను పోట్లాడదగిన మనిషినన్నమాట. ఇప్పుడు సరేనన్నారంటే, రోగికి అడిగింది పెట్టినట్టే. జాలిపడి నాకేమీ కొనిపెట్టొద్దని గట్టిగానే అన్నాను. పక్క ఆటోలోంచి ఒకావిడ తిరిగి చూసింది. ఆయన గేరు మార్చి కారు ముందుకు జరిపారు. 

రెండు రోజులు ఆలోచించి మూడో రోజు టీచరమ్మ దగ్గరికి వెళ్లాను. దాచిపెట్టి వెళ్లి ఆ పిల్ల సాయంత్రాన్ని పాడుచెయ్యడం నావల్ల కాదు. ఆవిడ కృష్ణా జిల్లా నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా ఇక్కడే నాట్యం నేర్పుతున్నారు. మోకాళ్లు అరిగిపోయి చాలాకాలం కిందటే ఆడటం మానేశారు. పాఠమంతా ఎత్తుపీట మీద కూర్చునే చెబుతారు. నేను వెళ్లేసరికి పిల్లలు వెళ్లిపోయారు, ఆవిడ తాళాలు గుడ్డతో తుడుచుకుంటున్నారు. నా సంగతంతా చెప్పి, ఇంకొకరిని చూసుకోండని అన్నాను. ఆవిడ అంతా విని, డాక్టరు గురించి ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు.

“నేను ఆడలేని రోజు వచ్చింది కదండీ. అప్పుడు కూర్చున్నాను. నా చెవి ఎక్కడికీ పోలేదు, మీదీ పోదు. ఆ స్టాండేదో తెచ్చుకోండి. ఇంకొకతన్ని కూడా పిలుస్తాను, ఏమీ అనుకోకండేం,” అన్నారు.

అనుకున్నాను. ఇంకొకతను అనగానే మనసు చివుక్కుమంది. కానీ ఆవిడ స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్ని. సరేనన్నాను.

రంగప్రవేశం నాడు మియాపూర్ నుంచి ఎప్పటి కిరాయి లెన్సుతో పాటు ఒంటికాలి స్టాండు కూడా తెచ్చుకున్నాను. మాదాపూర్‌లో హాలు. తాతగార్లంటూ నేను వెక్కిరించినవాళ్లలో ఒకాయన పక్క వరసలోనే ఉన్నారు. నా కర్ర చూశారు, ఒక చిన్న నవ్వు నవ్వి కుర్చీ కాస్త జరుపుకుని నాకు చోటిచ్చారు. ఆయన మర్యాద ముందు నా పాత పొగరు నాకే సిగ్గనిపించింది. మా ఆయన నా పక్క కుర్చీలో కూర్చున్నారు. ఇన్నేళ్లలో ఆయన ఒక ప్రదర్శన మొత్తం చూడటం అదే మొదలు.

చేతులు వణికాయి. మాత్ర వేసుకున్నా వణికాయి. కానీ బరువంతా స్టాండు మీద ఉంది, నాకు మిగిలింది వినడం, నొక్కడం. మొదటి జతి దగ్గర తడబడ్డాను. రెండో అంశం నుంచి వేలు తన దారిన తాను వెళ్లింది. చివర్లో తరంగం వచ్చింది. అందులో నర్తకి ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలు ఆనించి, దాన్ని జరుపుకుంటూ ఆడాలి. నిన్నటిదాకా పొట్టి జడల పిల్ల, పళ్లెం అంచు మీద నిలబడి హాలంతా కలయజూసింది. టీచరమ్మ గొంతు ముక్తాయింపులోకి వచ్చింది. మూడో తొం రాకముందే నొక్కాను. నొక్కానని చప్పట్లు మొదలయ్యాక గానీ నాకే తెలియలేదు. వచ్చిందో లేదో కెమెరా వెనక తెర మీద చూసుకోలేదు, ధైర్యం చాల్లేదు.

మర్నాడు సెలవు పెట్టి భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచాను. మా ఆయన పక్కన కూర్చున్నారు. ఒక్కొక్కటీ చూపిస్తుంటే బాగుండాది అన్నారు. తర్వాతదీ బాగుండాది. ఆ తర్వాతదీ. పదిహేను దాటేసరికి నాకు అర్థమైంది, ఆయన ఫోటోలు చూడటం లేదు, నా మొహం చూస్తున్నారు. సిగ్నల్ దగ్గర వచ్చిన కోపమే మళ్లీ వచ్చింది, కానీ ఈసారి అరవలేదు. ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పి, చెదిరినవి మీరే ఏరండి, అబద్ధం చెబితే ఇవాళ్టి నుంచి మీకు ఏ ఫోటో చూపించనని చెప్పాను.

ఆయన కళ్లజోడు తుడుచుకుని మొదటి నుంచి మొదలుపెట్టారు. గంటన్నర పట్టింది. నేను వంట చేసుకుంటూ అటు చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడ్డాను. ఆయన పక్కన పెట్టినవి నలభైకి పైనే ఉన్నాయి. చాలావరకు మొదటి జతివే. మిగిలినవి ఆ పిల్లకు రెండు ఆల్బమ్‌లకు సరిపోతాయి. నేను ఊపిరి తీసుకున్నాను. అప్పుడాయన ఇంకొక ఫోటో తెరిచారు. పళ్లెం మీది ఫోటో. అన్నిట్లోకీ నాకు ఇష్టమైనది, టీచరమ్మకు అప్పటికే పంపించేసినది.

“ఇది గూడా,” అన్నారు.

కాదన్నాను. ఆయన పళ్లెం అంచును పెద్దది చేసి చూపించారు. అంచు ఒక గీతగా లేదు, రెండు గీతలుగా ఉంది. చూపు ఆ పిల్ల ముఖం మీదే ఉండిపోయి నేను కిందికి చూడలేదు. ఆయన చూశారు, చూసి చెప్పారు.  నాకు ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. ఆర్నెల్ల తర్వాత మొదటిసారి గుండె తేలికపడింది. ఈయన మళ్లీ నాతో నిజం మాట్లాడుతున్నారు.

నేనిక కెమెరా పక్కన పెట్టాల్సిన రోజు వస్తే ఆ సంగతి కూడా ఇలాగే చెబుతారా అని అడిగాను.

“చెప్తా.”

“నేను ఒప్పుకోను. పోట్లాడతాను.”

“పోట్లాడు. అయినా చెప్తా.”

ఆ శనివారం మియాపూర్ వెళ్లి, వణికే చేతుల కోసమేనని ఒప్పుకునే లెన్సు కొన్నాను.